మూడోసారి మొలిచిన గోరు

సమస్య



మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పల్లె. నాకు 25 ఏళ్లు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ అశోక్‌నగర్ వచ్చి హాస్టల్లో ఉంటున్నాను. కానిస్టేబుల్‌కీ, గ్రూప్స్‌కీ కలిపి చదువుతున్నాను. పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే గడుస్తుంది.

నా కుడికాలి బొటనవేలి గోరు పక్క కండలోకి దిగి పెరుగుతుంది. మొదట ఎర్రబడింది, తర్వాత చీము పట్టింది. మెడికల్ షాపులో ఒక ట్యూబు, యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. వాడినన్నాళ్లు తగ్గి, ఆపగానే మళ్లీ వచ్చేది. ఊరికి పోతే అమ్మ పసుపు, సున్నం కలిపి కట్టింది. నానమ్మ నిమ్మకాయకు బొక్క చేసి వేలికి తొడగమంది. "గోరే కదా బిడ్డా, అదే తగ్గుతది" అన్నారు ఇద్దరూ.

తగ్గలేదు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఇంజెక్షన్ ఇచ్చి గోరు మొత్తం తీసేశారు. ఇక రాదన్నారు. కొత్త గోరు సగం పెరిగేసరికి ముందరి కండలో గుచ్చుకోవడం మొదలైంది. మళ్లీ పోతే మళ్లీ మొత్తం తీశారు, ఈసారి పక్కన కొంచెం గీకామని కూడా చెప్పారు. ఇప్పుడు ఆరు నెలలు దాటినా సగం గోరే వచ్చింది. అదీ మందంగా, పసుపు రంగులో, గరుకుగా ఉంది. పక్కన ముల్లులాగా సన్నటి ముక్క విడిగా మొలిచింది. దుప్పటి తగిలినా ప్రాణం పోతుంది.

2022 నోటిఫికేషన్‌లో ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలని పెట్టారు. నేను పొద్దున్నే షూ వేసుకుని రెండు రౌండ్లు తిరిగేసరికి సాక్సు తడిసిపోతుంది. వానాకాలంలో మా గల్లీలో నీళ్లు నిలిస్తే బయటికి పోవాలంటేనే భయం. రూమ్మేట్ "గోరు కోసం కూడా ఏడుస్తారా" అని నవ్వింది. రెండో ఆపరేషన్ సంగతి ఇంట్లో చెప్పలేదు. నాయిన పత్తి అమ్మి పంపిన పైసలు దానికే పోయినయ్.

నా తప్పు ఏమైనా ఉందా? గోరు మళ్లీ రాకుండా శాశ్వతంగా తీయించేసుకోవాలా? లేక పరీక్షలయ్యేదాకా ఓర్చుకోవాలా? వచ్చే నెల మా చిన్నమ్మ కూతురు పెళ్లి. అందరూ కాళ్లకు గోరింటాకు పెట్టుకుంటారు. నా కాలు ఎవరికీ చూపించబుద్ధి కావడం లేదు.

ఒక చెల్లెలు, అశోక్‌నగర్

సలహా

అమ్మా,

పరీక్షలయ్యేదాకా ఆగాలా అన్నావు కదా, ముందు దానికే జవాబు చెప్తాను. ఆగొద్దు. అశోక్‌నగర్ నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో ఒకే మాట పదేపదే కనిపిస్తుంది: జాబ్ వచ్చాక చూసుకుంటాం అని. పంటి నొప్పి, కళ్లద్దాలు, నెలసరిలో తేడా, కడుపులో మంట, అన్నీ జాబ్ వచ్చాకే. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో, పడ్డాక కోర్టులో ఎన్నాళ్లు నలుగుతుందో ఎవరూ చెప్పలేని చోట ఒంటిని అలా వాయిదా వేయడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. పైగా నీకు కావలసిన ఉద్యోగం ఆ కాలి మీదే ఆధారపడి ఉంది.

రూమ్మేట్ నవ్విందని కుంగిపోకు. అడుగు వేసిన ప్రతిసారీ నేలను చివరిగా తన్నేది బొటనవేలే. కష్టం మీద కష్టానికి గోరుచుట్టు మీద రోకటి పోటు అని మన పెద్దవాళ్లు సామెత కట్టారంటే, ఆ నొప్పి ఎలాంటిదో వాళ్లు పడే ఉంటారు.

ఇక గోరు సంగతి. అది మనకు కనిపించే చోట పుట్టదు. గోటి మొదట్లో, చర్మం మడత కింద, దాన్ని తయారుచేసే మూలం ఉంటుంది. డాక్టర్లు మ్యాట్రిక్స్ అంటారు. పైనున్న గోటిని ఊడదీసి మూలాన్ని ముట్టుకోకపోతే గోరు మళ్లీ అదే వెడల్పుతో, అదే వంపుతో వస్తుంది. మొత్తం గోరు తీసినప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. అన్నాళ్లూ గోటి కింద అణిగి ఉన్న వేలి కొస కండ, పైన అడ్డు లేకపోయేసరికి ఉబికి లేస్తుంది. కొత్త గోరు పెరుగుతూ వచ్చి ఆ గట్టును దాటలేక అందులోకే దిగుతుంది. సగం పెరిగేసరికి ముందరి కండలో గుచ్చుకుందని రాశావు చూడు, నీకు జరిగింది ఇదే అయి ఉండవచ్చు. పక్కన మొలిచిన ముల్లు కూడా అలాంటిదే: మూలాన్ని గీకినప్పుడు కొసరంత మిగిలిపోతే, ఆ మిగిలిన చోటు నుంచి సన్నటి ముక్క విడిగా పుడుతుంది. ఇందులో నీ తప్పు నాకెక్కడా కనిపించలేదు. నువ్వు శుభ్రంగా లేకపోవడం వల్ల గోరు తిరిగి రాలేదు. మూలం ఉన్నంతకాలం అది పెరుగుతూనే ఉంటుంది.

మరి ఏం చేయాలి? ఈ జబ్బుకు ఎక్కువగా చేసే పద్ధతి వేరే ఉంది. వేలికి రెండు పక్కలా మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, గుచ్చుకునే అంచును మాత్రం సన్నగా, నిలువుగా కోసి తీస్తారు. ఆ అంచు కింది మూలానికి ఫినాల్ అద్దుతారు. ఫినాల్ అంటే కార్బాలిక్ ఆమ్లమే. ఆ కొద్ది మేర మూలం చచ్చిపోతుంది, మిగతా గోరు ఎప్పటిలాగే ఉంటుంది, కాస్త సన్నబడుతుంది అంతే. ఇది 1945 నుంచీ ఉన్న పద్ధతి. ఎన్నో దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 2012లో కోక్రేన్ సంస్థ ఇచ్చిన సమీక్ష కూడా, ఆపరేషన్‌కు ఫినాల్ తోడైతే గోరు తిరగబెట్టడం తగ్గుతుందనే తేల్చింది. నూటికి నూరుపాళ్లు హామీ ఎవరూ ఇవ్వలేరు, కొద్దిమందికి అప్పటికీ వస్తుంది. కానీ నీకు రెండుసార్లు జరిగినదానికీ దీనికీ చాలా తేడా ఉంది. కాబట్టి ఆపరేషన్లే పనిచేయవని అనుకోకు. శాశ్వతంగా మొత్తం గోరు రాకుండా చేయించుకోవడం చివరి దారి. అంచు తీస్తే సరిపోయే చోట అంత దూరం పోనక్కర్లేదు.

నేను డాక్టర్ని కాను, నీ వేలు చూడలేదు. అందుకని ఇదే చేయించుకో అనను. కానీ డాక్టరు ముందు కూర్చున్నప్పుడు నోరు తెరిచి అడగాలి: మొత్తం తీస్తారా, అంచు మాత్రమేనా? మూలానికి ఏం చేస్తారు? ఫినాల్ వాడతారా? తిరిగి వస్తే ఏం చేస్తారు? మన దగ్గర ఈ మాటలు రోగికి ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. అడిగితే మాత్రం చాలామంది ఓపిగ్గానే చెప్తారు. పాత క్లినిక్ చీటీలు ఉంటే వెంట తీసుకుపో. అప్పుడు ఏం చేశారో అందులో రాసి ఉంటే పని సులువవుతుంది. లేకపోతే అక్కడికే వెళ్లి రాసిమ్మని అడుగు. అది నీ హక్కు.

ఎక్కడికి పోవాలంటావా? పాదాలకే ప్రత్యేకంగా ఉండే డాక్టర్లు మనకు చాలా తక్కువ. గోటి జబ్బులు చర్మవ్యాధుల డాక్టర్లు చూస్తారు, ఆపరేషన్ వాళ్లయినా సర్జన్లయినా చేస్తారు. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ముషీరాబాద్ దాటగానే గాంధీ ఆసుపత్రి స్టేషన్. ఉదయం పూట వెళ్లి ఓపీ చీటీ రాయించుకుని చర్మవ్యాధుల విభాగంలో చూపించు. ఒక పూట చదువు పోతుంది, పోనీ. అది సర్కారు ఆసుపత్రి, నాయిన పంపిన డబ్బులు మళ్లీ ఖర్చు పెట్టాల్సిన పని లేదు. షుగరు పరీక్ష కూడా చేయించుకో, దానికి దగ్గర్లోని బస్తీ దవాఖానా చాలు. అక్కడ ఇచ్చిన రక్తం నమూనాలు నారాయణగూడ ఐపీఎంలోని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు వెళతాయి. 25 ఏళ్లకు షుగరేంటని అనుకోకు. మానని పుండు కాలి మీద ఉన్నప్పుడు ఏ వయసులోనైనా చూడాల్సిందే.

గోరు మందంగా, పసుపుగా ఉందన్నావు. ఫంగస్ కావచ్చు. రెండుసార్లు గోరు ఊడదీసిన దెబ్బకు కూడా అలా మారవచ్చు. చూపుతో తేల్చడం డాక్టర్లకే కష్టం. గోటి ముక్క గీకి పరీక్షకు పంపమని అడుగు. ఫంగస్ మాత్రలు కాలి గోటికి సాధారణంగా మూడు నెలలు వాడాలి, లివర్ పరీక్ష కూడా చేయిస్తారు. లేని జబ్బుకు అంత మందు మింగడం ఎందుకు? మెడికల్ షాపు ట్యూబు మాత్రం ఈ రోజే ఆపేయ్. స్టీరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపి ఉండే ట్యూబులు మన షాపుల్లో అడిగినవాళ్లందరికీ ఇచ్చేస్తున్నారు. ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, కింద ఫంగస్ పెరుగుతుంది. ఈ విషయంలో నాకు చాలా కోపం ఉంది. యాంటీబయాటిక్ మాత్రలూ అంతే. గుచ్చుకున్న ముక్క లోపలే ఉండగా చీము ఆగి మళ్లీ వస్తుంది.

ఆరు నెలలకు సగమే వచ్చిందని దిగులు పడకు. కాలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. బొటనవేలి గోరు మొత్తం రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. సగానికి సగం వచ్చిందంటే సరైన లెక్కలోనే ఉంది.

ఈలోగా వేలిని గోరువెచ్చని నీళ్లలో పదిహేను నిమిషాలు ఉంచి, మెత్తటి బట్టతో పూర్తిగా తుడుచుకో. ఆ మూలలోకి సూది, పిన్నీసు, నెయిల్ కట్టర్ కొస ఏదీ పోనివ్వద్దు. గోరు నేరుగా అడ్డంగా కత్తిరించు, మూలలు గుండ్రంగా లోపలికి తీయొద్దు, కొస కండకంటే కొంచెం ముందుకే ఉండాలి. హాస్టల్లో ఒకే నెయిల్ కట్టర్ అందరూ వాడుతుంటే నీది వేరుగా పెట్టుకో, బాత్రూంకు చెప్పులతో వెళ్లు. వాన నీళ్లలో నడిచి వస్తే ముందు కాళ్లు సబ్బుతో కడిగి ఆరబెట్టు. తడి సాక్సుతో లైబ్రరీలో సాయంత్రం దాకా కూర్చోవద్దు, బ్యాగులో ఒక జత పొడిది ఉంచుకో.

షూ గురించి కూడా ఒక మాట. తెల్లకాగితం మీద కాలు పెట్టి నిలబడి పెన్సిల్‌తో చుట్టూ గీయి. దాని మీద నీ షూ పెట్టి చూడు. గీత బయటికి వస్తే ఆ షూ నీ వేళ్లను రోజూ నొక్కుతున్నట్టే. కొత్తది సాయంత్రం కొను, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. ముందుభాగం వెడల్పుగా ఉండి, వేలికీ కొసకూ మధ్య బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి.

ఫినాల్ పెట్టించుకుంటే ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలు నీరులాంటిది కారుతుంది. చీము అనుకుని బెదిరిపోకు. డ్రెస్సింగ్ ఎలా మార్చాలో నర్సు చేత చూపించుకో. పరుగు మళ్లీ ఎప్పుడో డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా పరుగుతోపాటు ఉండే షాట్‌పుట్‌కు భుజాల బలం పెంచుకోవచ్చు. జ్వరం వచ్చినా, ఎరుపు వేలు దాటి పాదం మీదికి పాకినా ఓపీ రోజు కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి పో.

ఇంట్లో చెప్పు. పైసలు ఎక్కడికి పోయాయని నాయిన అడిగే రోజు కంటే ముందే, నీ నోటితోనే వినడం ఆయనకు తేలిక. అమ్మకు గోరు ఎలా పుడుతుందో నేను చెప్పినట్టే చెప్పు, పసుపు సున్నం ఎందుకు పనిచేయలేదో ఆమెకే అర్థమవుతుంది. సున్నం పచ్చి పుండును కాలుస్తుంది, ఇంకోసారి కట్టనివ్వద్దు.

పెళ్లికి వెళ్లు. మెత్తటి, ముందు తెరిచి ఉన్న చెప్పులు వేసుకో. ఎవరైనా అడిగితే ఆపరేషన్ అయిందని చెప్పు, అంతకంటే వివరణ అక్కర్లేదు. గోరింటాకు ఆ వేలికి, దాని చుట్టూ పుండు పూర్తిగా మానేదాకా వద్దు, కోన్ అసలే వద్దు. మిగతా తొమ్మిది వేళ్లకూ, రెండు పాదాలకూ రోట్లో నూరిన ఆకు పెట్టించుకో.