‘నా మీద కోపం’ ఇంగ్లీష్‌లో ఏమవుతుంది?



పేరెంట్స్ మీటింగ్‌లో తరచూ వినిపించే మాట ఇది: "గ్రామర్ పరీక్షలో మార్కులు బాగానే వస్తాయి, మాట్లాడేటప్పుడు మాత్రం తప్పులు దొర్లుతాయి. ఎందుకు?" చాలాసార్లు దానికి కారణం అశ్రద్ధ కాదు. పిల్లలు తెలుగులో ఆలోచించి, మాటకు మాట ఇంగ్లీష్‌లో పెడుతున్నారు. ఇన్, ఆన్, ఎట్, టు, విత్ లాంటి ప్రిపోజిషన్ల దగ్గర ఇది బాగా తెలుస్తుంది.

"డు, ము, వు, లు ప్రథమా విభక్తి" అని మనం చిన్నప్పుడు వల్లించాం, గుర్తుందా? తెలుగులో తో, కి, లో, గురించి వంటివి పదం తర్వాత వస్తాయి. ఇంగ్లీష్‌లో ఆ పని చేసే ప్రిపోజిషన్లు పదానికి ముందు వస్తాయి. ఈ తేడాను పిల్లలు త్వరగానే పట్టుకుంటారు. అసలు చిక్కు వేరే ఉంది: మన ఒక్క ప్రత్యయానికి ఇంగ్లీష్‌లో ఒకే జవాబు ఉండదు.

తో: "పెన్నుతో రాశాను" అంటే ‘విత్ ఎ పెన్’. కానీ "అక్కకు డాక్టర్‌తో పెళ్లైంది" అంటే ‘మ్యారీడ్ టు ఎ డాక్టర్’. ఇక్కడ ‘విత్’ రాదు.

మీద: "టేబుల్ మీద" అంటే ‘ఆన్ ది టేబుల్’. "నా మీద కోపం" మాత్రం ‘యాంగ్రీ ఆన్ మి’ కాదు, ‘యాంగ్రీ విత్ మి’.

లో: "కారులో" అంటే ‘ఇన్ ది కార్’. "బస్సులో" అంటే సాధారణంగా ‘ఆన్ ది బస్’. లేచి నిలబడి నడవగలిగే బస్సు, రైలు, విమానాలకు ‘ఆన్’. కారు, ఆటోలకు ‘ఇన్’ అని గుర్తుపెట్టుకోవచ్చు. "లెక్కల్లో దిట్ట" అయితే ‘గుడ్ ఎట్ మ్యాథ్స్’.

నుంచి: మొదలైన సమయం చెబితే ‘సిన్స్’, ఎంతకాలమో చెబితే ‘ఫర్’. "సోమవారం నుంచి" ‘సిన్స్ మండే’. "రెండు రోజుల నుంచి" ‘ఫర్ టూ డేస్’.

కి, గురించి: కొన్నిచోట్ల ఇంగ్లీష్‌కు ఇవి అసలు అక్కర్లేదు. "అమ్మకి చెప్పాను" అంటే ‘ఐ టోల్డ్ మమ్మీ’ చాలు; ‘టోల్డ్ టు మమ్మీ’ అనకూడదు. "ట్రిప్ గురించి చర్చించాం" అంటే ‘వి డిస్కస్డ్ ది ట్రిప్’. అదే "మాట్లాడుకున్నాం" అంటే ‘టాక్డ్ అబౌట్ ది ట్రిప్’.

లీవ్ లెటర్లలో మనం మామూలుగా చూసే వాక్యం ఒకటుంది: ‘సఫరింగ్ విత్ ఫీవర్ సిన్స్ టూ డేస్’. "రెండు రోజుల నుంచి జ్వరంతో" అనే తెలుగు అందులో కనిపిస్తూనే ఉంది కదా! ‘హి హాజ్ హాడ్ ఫీవర్ ఫర్ టూ డేస్’ అంటే సరిపోతుంది.

కాబట్టి ‘ఆన్ అంటే మీద’ అని అర్థాలు బట్టీ పట్టించడం కన్నా, ‘యాంగ్రీ విత్’, ‘గుడ్ ఎట్’, ‘మ్యారీడ్ టు’ అని జంటగా నేర్పడం మేలు. క్లాసులో మేమూ ఇలాగే చేయిస్తున్నాం.

ఇంట్లో మీరు చేయగలిగింది చిన్నదే, కానీ విలువైనది. పాప ‘మమ్మీ ఈజ్ యాంగ్రీ ఆన్ మి’ అంటే, "తప్పు!" అని ఆపకండి, అందరి ముందూ నవ్వకండి. ‘ఓహో, మమ్మీ ఈజ్ యాంగ్రీ విత్ యూ? వై?’ అని సరైన మాటతోనే సంభాషణ కొనసాగించండి. మాటిమాటికీ ఆపితే, తప్పు పోవడానికి బదులు మాట్లాడటమే మానేస్తారు. మాట్లాడని పిల్లల తప్పు మాకు కనబడదు, దిద్దే అవకాశమూ ఉండదు.

మీకు ఇంగ్లీష్ అంతగా రాకపోయినా ఫర్వాలేదు. తెలుగు వాక్యం మీరు చెప్పండి, ఇంగ్లీష్ వాక్యం పిల్లలతో చెప్పించండి. ఈ నెలకు నాలుగు:

1. వాడికి కుక్కలంటే భయం.
2. మేం ఆదివారం ఐదు గంటలకు వస్తాం.
3. ఆమె మూడేళ్లుగా ఇక్కడే ఉంటోంది.
4. మేం ఇంటికి చేరాం.

జవాబులు:

1. హి ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ డాగ్స్.
2. వి విల్ కమ్ ఎట్ ఫైవ్ ఓ క్లాక్ ఆన్ సండే.
3. షి హాజ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్.
4. వి రీచ్డ్ హోమ్.

రోజుకొక వాక్యం చాలు, అన్నం తినేటప్పుడో స్కూల్‌కు తయారయ్యేటప్పుడో. ఇంట్లో తెలుగు మానేయాల్సిన పనిలేదు. రెండు భాషలూ ఎక్కడ విడిపోతాయో తెలిసిన పిల్లలు రెండింటినీ ధీమాగా మాట్లాడతారు.