ఉబ్బే తగరం – కాపాడే బొగ్గు



సెల్‌ఫోన్లలో సాధారణంగా వాడేది లిథియం బ్యాటరీ. ఆవర్తన పట్టికలో లిథియం కిందనే సోడియం ఉంది. అది మనం తినే ఉప్పులో కూడా ఉంది, చవక. మరి బ్యాటరీలన్నీ సోడియంతోనే ఎందుకు చెయ్యరు? నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

ఛార్జి చేసేటప్పుడు అయాన్లు ఋణధ్రువంలోకి వెళ్ళి చేరతాయి. కరెంటు వాడేటప్పుడు బయటికొస్తాయి. ఈ ఋణధ్రువాన్నే ఆనోడు అంటారు. లిథియం బ్యాటరీలో అది ఎక్కువగా గ్రాఫైటు, అంటే పెన్సిలు ములుకులో ఉండేదే. గ్రాఫైటులో సోడియం సరిగా ఇమడదు. తమాషా ఏమిటంటే, ఇంకా పెద్దదైన పొటాషియం ఇముడుతుంది! కాబట్టి సైజు ఒక్కటే కారణం కాదు.

2000లో కెనడాలో స్టీవెన్స్, డాన్ అనే శాస్త్రజ్ఞులు గ్లూకోజును గాలి తగలకుండా కాల్చి గట్టి కార్బన్ చేశారు. అందులో సోడియం ఇమిడింది. గ్రాముకు సుమారు 300 మిల్లీ ఆంపియర్ గంటలు. తగరం అయితే లెక్క ప్రకారం 847 పట్టాలి.

అయితే తగరమే వాడొచ్చు కదా? అక్కడే ఉంది చిక్కు. నానబెట్టిన శనగల్లాగ, సోడియం నిండిన తగరం ఉబ్బుతుంది. ఎంత? సుమారు 5 రెట్లు! సోడియం పోగానే మళ్ళీ కుంచించుకుపోతుంది. ఇలా పదేపదే జరిగితే పగిలి పొడి అవుతుంది. పగిలిన ప్రతిచోటా లోపలి ద్రావణం తగిలి కొత్త పొర కడుతుంది. ఆ పొర కొంత సోడియంను తినేస్తుంది. అలా బ్యాటరీ నీరసించిపోతుంది.

దీనికి ఉపాయం మిశ్రమ పదార్థం. మట్టిగోడ పగలకుండా మట్టిలో గడ్డి కలుపుతాం కదా! అలాగే చాలా సన్నని తగరం రేణువులను కార్బన్‌లో పొదుగుతారు, ఉబ్బడానికి కాస్త ఖాళీ కూడా వదులుతారు. కార్బన్ రేణువులను పట్టి ఉంచుతుంది, కరెంటునూ మోస్తుంది.

నష్టం లేకపోలేదు. సగం తగరం, సగం గట్టి కార్బన్ అనుకుంటే (847+300)÷2 = 573.5 మాత్రమే. కానీ పది రోజుల్లో చచ్చిపోయే 847 కన్నా ఏళ్ళ తరబడి నిలిచే 573 మేలు. సోలారు లైటు కింద చదువుకునే వాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఎవరైనా కొత్త బ్యాటరీ గురించి చెబితే "ఎంత పడుతుంది?" అనే కాక "ఎన్నిసార్లు ఛార్జి చెయ్యొచ్చు?" అని కూడా అడగండి.

ఆలోచించండి: ఉబ్బడానికి ఖాళీ మరీ ఎక్కువ వదిలితే బ్యాటరీ సైజు ఏమవుతుంది? తెలిసినవాళ్ళు ఈ కాగితం కింద జవాబు రాయండి.

– 10వ తరగతి విద్యార్థి