మనసుకొక ఉప్పుటేరు

గణపవరం పరిసర గ్రామాల విద్యార్థులకు కొల్లేరు సుపరిచితం. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు ఆ సరస్సులో కలుస్తాయి. ఆ నీరు సముద్రాన్ని చేరే దారి ఉప్పుటేరు ఒక్కటే. అది పూడుకుంటే వరద ఊళ్లను ముంచుతుంది. మనస్సు కూడ అటువంటిదే.

పరీక్షలు, ఫలితాలు, తల్లిదండ్రుల ఆశలు విద్యార్థి మనస్సులో చేరే ఏరులు. వాటివలన కలిగే ఆందోళన దోషం కాదు. ఆపదను శంకించినప్పుడు శరీరంలో అడ్రినలిన్ విడుదలై గుండె వేగంగా కొట్టుకుంటుంది, అరచేతులు చెమరుస్తాయి. ఇది ఆత్మరక్షణకై ప్రకృతి చేసిన ఏర్పాటు. కొద్దిపాటి ఆందోళన చదువుకు పురికొల్పుతుంది. నిద్రను, ఆకలిని హరించేంతగా నిలిచిపోతేనే హాని.

వాల్మీకి రామాయణంలోని సుందరకాండలో హనుమంతుడు లంకనంతా వెదకి, సీత కానరాక, ప్రాణత్యాగానికి సైతం తలపడతాడు. అంతలోనే బ్రతికి ఉంటేనే శుభాలు కలుగుతాయని వివేచించి, ఇంకా వెదకని అశోకవనం వైపు సాగుతాడు. మహాబలునికే తప్పని నిస్పృహ సామాన్యునికి కలిగితే సిగ్గుపడనక్కరలేదు. విద్యార్థి కూడ పాఠ్యభాగమంతటినీ ఒక్కసారిగా తలచి బెదరక, మిగిలిన వాటిలో ఒక పాఠాన్ని నేడు చదవాలి. నెమ్మదిగా శ్వాస తీసి విడిస్తే గుండె వేగం తగ్గుతుంది.

అప్పటికీ భారం తీరకపోతే మాటయే ఉప్పుటేరు. తల్లిదండ్రులతోనో, అధ్యాపకులతోనో మనసు విప్పి చెప్పుకోవాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘టెలి మానస్’ సేవకు 14416 నంబరు ద్వారా ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వైద్యుని ఆశ్రయించడం బలహీనత కాదు. తప్పిన పరీక్షకు సప్లిమెంటరీ ఉంది; ప్రాణానికి లేదు.

అర్థాలు: శంకించు = అనుమానించు; వివేచించు = మంచిచెడ్డలు ఆలోచించు; నిస్పృహ = నిరాశ.