చిక్కదనానికి ఏది కలపాలి?

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా నుండి నాటి మద్రాసు రాష్ట్రంలో చేరింది. అందువల్ల ఇక్కడి వంటిళ్లలో పులుసు, కుళంబు రెండూ సొంత వంటలే. ఉపాధి నిమిత్తం తిరువళ్లూరు, తిరుత్తణి పట్టణాలకు వచ్చిన తెలుగు కుటుంబాలకు వంట కొత్త కాదు. అంగడిలో సరుకుల పేర్లు మాత్రం కొత్త. పులుసులో కలిపే చెంచాడు పిండి స్వల్ప విషయంగా తోచవచ్చు. కాని పంక్తిలో వేరుశనగ పడనివారు గాని, గోధుమ పడనివారు గాని, మధుమేహం ఉన్నవారు గాని ఉంటే ఆ చెంచాడే ముఖ్యమవుతుంది.

చిక్కబడడం ఎలా జరుగుతుంది?

బియ్యం, గోధుమ, మొక్కజొన్న పిండులలో స్టార్చి సూక్ష్మ రేణువులుగా ఉంటుంది. వేడి సుమారు 60 డిగ్రీలు దాటిన పిమ్మట ఆ రేణువులు నీటిని పీల్చి ఉబ్బుతాయి; ద్రవం చిక్కబడుతుంది. పొడిపిండిని నేరుగా మరిగే పులుసులో వేస్తే పైపొర వెంటనే ఉడికి, లోపలికి నీరు అందక ఉండ కడుతుంది. కనుక ముందుగా చన్నీటిలో జారుగా కలిపి, గరిటెతో తిప్పుతూ పోయాలి. పచ్చివాసన పోయేవరకు ఉడికించాలి. చింతపండు పులుపులో ఎక్కువసేపు మరిగితే స్టార్చి బలం తగ్గి పులుసు మరల పలుచబడుతుంది. అందుచేత పులుసు బాగా మరిగిన తరువాత, దించడానికి కొద్ది నిమిషాల ముందు పిండినీరు చేర్చడం మేలు.

ఏ వంటకు ఏది?

బియ్యప్పిండి: పులుసులకు. పావు లీటరుకు ఒక చిన్న చెంచాతో మొదలుపెట్టి, చాలకుంటే పెంచాలి. వార్చిన గంజి ఉంటే ఖర్చు లేకుండా అదే పని చేస్తుంది.

శనగపిండి: మజ్జిగపులుసుకు. పెరుగు విరగకుండా కాపాడుతుంది. సన్నని సెగ మీద కాచాలి.

కార్న్‌ఫ్లోర్: సూపులకు, సాసులకు. పావు లీటరుకు ఒక పెద్ద చెంచా చాలు; మైదా అయితే దాదాపు రెండింతలు కావాలి. పసుపుపచ్చని మొక్కజొన్న పిండి వేరు, తెల్లని కార్న్‌ఫ్లోర్ వేరు.

ఉడికించి మెదిపిన కందిపప్పు: సాంబారుకు, పప్పుపులుసుకు. చిక్కదనంతోపాటు మాంసకృత్తులూ లభిస్తాయి.

నువ్వులు, వేరుశనగలు, కొబ్బరి, గసగసాలు, పుట్నాలపప్పు: గుత్తివంకాయ కూరకు, కుర్మాకు. వీటి ముద్ద రుచిని కూడా ఇస్తుంది. కొబ్బరి వేసిన కూర ఎండకాలంలో త్వరగా పాడవుతుంది; రెండు గంటలకు మించి బయట ఉంచరాదు.

ఎవరికి ఏది తగదు?

గోధుమలోని గ్లూటెన్ పడనివారికి మైదా, గోధుమపిండి నిషిద్ధం. బియ్యప్పిండి, కార్న్‌ఫ్లోర్ వాడవచ్చు. అంగడి ఇంగువలో తరచుగా గోధుమపిండి కలిసి ఉంటుంది. పొట్లం మీది వివరాలు చదవాలి. మధుమేహం ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: పెద్ద చెంచాడు కార్న్‌ఫ్లోర్ సుమారు 8 గ్రాములు, అందులో 7 గ్రాములు పిండిపదార్థమే. వారికి పప్పుతో చిక్కబరచిన వంట మేలైనది. వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు కొందరికి ప్రాణాపాయం కలిగిస్తాయి. తిన్న వెంటనే ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయక 108కు ఫోను చేయాలి.

అంగడిలో ఏమని అడగాలి?

బియ్యప్పిండిని తమిళంలో ‘అరిసి మావు’ అంటారు. శనగపిండి ‘కడలై మావు’, పుట్నాలపప్పు ‘పొట్టుక్కడలై’, శనగపప్పు ‘కడలైపరుప్పు’, వేరుశనగ ‘వేర్క్కడలై’, గసగసాలు ‘కసకసా’. ‘కడలై’ అనే మాట శనగలకూ వేరుశనగలకూ వర్తిస్తుంది. ఒక్క ‘కడలై’ అని అడిగితే ఒకటి బదులు మరొకటి చేతికి రావచ్చు. కనుక పూర్తి పేరు చెప్పాలి, పొట్లం విప్పి చూడాలి. ముద్రిత పొట్లమైతే 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ, కలిసిన పదార్థాల పట్టిక పరిశీలించాలి.

ఇరుగుపొరుగులకు, అతిథులకు వడ్డించేటప్పుడు కూరలో ఏమి కలిపారో ముందే చెప్పండి. అడగడానికి మొగమాటపడేవారు అనేకులు. మీరు చెప్పే ఒక్క మాట వారికి రక్ష అవుతుంది.