ఒక కాయిల్ చేసే పని నాలుగింటికి ఎందుకు?

సింగరాయకొండ మీదుగా పోయే జాతీయ రహదారిపై ఒకప్పుడు అంబాసిడర్ కార్లు తరచుగా కనిపించేవి. వాటి తయారీ 2014లో ఆగిపోయింది. పాత పెట్రోలు అంబాసిడర్‌లో నాలుగు సిలిండర్లకూ కలిపి ఇగ్నిషన్ కాయిల్ ఒక్కటే. నేటి కార్లలో చాలావాటికి సిలిండరుకొకటి ఉంటుంది. ఎందుకో తెలుసా?

కాయిల్ లోపల ఇనుప కోర్ మీద రెండు తీగచుట్టలుంటాయి. మొదటిదానికి కొన్ని వందల చుట్లు, రెండవదానికి వేల చుట్లు. 12 వోల్టుల బ్యాటరీ నుండి మొదటి చుట్టలో విద్యుత్తు ప్రవహిస్తే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ ప్రవాహాన్ని హఠాత్తుగా తెంచితే క్షేత్రం క్షణంలో పడిపోయి, రెండవ చుట్టలో 20,000 వోల్టుల వరకు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. స్పార్క్ ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టి, గాలితో కలిసిన పెట్రోలు ఆవిరిని మండిస్తుంది.

ఇక లెక్క చూడండి. ఇంజను నిమిషానికి 3,000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తిరుగుతోందనుకుందాం. రెండు చుట్లకొకసారి ప్రతి సిలిండరుకూ రవ్వ కావాలి. నాలుగింటికీ కలిపి సెకనుకు 100 రవ్వలు! కాయిల్ ఒక్కటే అయితే, మళ్ళీ క్షేత్రాన్ని పెంచుకోవడానికి దానికి సెకనులో నూరవ వంతు కూడా చిక్కదు. వేగం పెరిగితే రవ్వ బలహీనమవుతుంది. నాలుగు కాయిళ్ళుంటే ఒక్కొక్కదానికి నాలుగు రెట్ల గడువు.

మరి పాత కారుకు కొత్త కాయిల్ బిగిస్తే చాలునా? చాలదు. పాతదాని నిరోధం 3 ఓములైతే, ఓమ్ నియమం ప్రకారం ప్రవాహం 4 ఆంపియర్లు. కొత్తదానిది 1 ఓమే అయితే 12 ఆంపియర్ల దాకా పోగలదు! దాన్ని తెంచే పాత పాయింట్లు త్వరగా కాలిపోతాయి. అందుకే కాయిల్‌తోపాటు, ప్రవాహాన్ని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ స్విచ్ కూడా మార్చాలి.

ఇంజను 6,000 సార్లు తిరిగితే గడువెంతో మీరే కట్టి చూడండి. నడిచే ఇంజను ప్లగ్ తీగలను మాత్రం ముట్టుకోకండి!