మార్కులు వచ్చాయి సరే, ఇంగ్లీషులో ఏమని రాద్దాం?

తెలుగులో మనకి ఒక్క మాట చాలు. మార్కులు వచ్చాయి, ర్యాంకు వచ్చింది, పర్సెంటైల్ వచ్చింది, సీజీపీఏ ఇంత వచ్చింది. అన్నీ వచ్చేవే. ఇంగ్లీషులో అలా కుదరదు. ఇంటర్న్‌షిప్ అప్లికేషన్ల కోసం ఇప్పుడు క్లాసులో ఒకరి రెజ్యూమే ఒకరం చూసుకుంటున్నాం. దాదాపు ప్రతిదాంట్లోనూ మార్కుల లైన్ దగ్గరే ఆగాల్సొస్తోంది.

ఒక ఫ్రెండ్ 'జేఈఈ మెయిన్: 95 పర్సెంట్' అని రాశాడు. వాడిది 95 పర్సెంటైల్. ఈ రెండింటికీ చాలా దూరం. పర్సెంట్ అంటే నూటికి ఎన్ని మార్కులు అని. పర్సెంటైల్ అంటే ఆ సెషన్‌లో రాసినవాళ్లలో నూటికి ఎంతమంది నీతో సమానంగానో, నీకంటే తక్కువగానో ఉన్నారని. మెయిన్ పేపర్ 300 మార్కులకి. 95 పర్సెంట్ అంటే 285 అన్నమాట! అందులో సగం మార్కులు రాకుండానే 90 పర్సెంటైల్ దాటినవాళ్లు మనలోనే ఉన్నారు. వాడికి మోసం చేసే ఉద్దేశం లేదు, కానీ హెచ్ఆర్ స్కోర్‌కార్డ్ అడిగితే కాగితం మీద అది అబద్ధమే. 'జేఈఈ మెయిన్: 95 పర్సెంటైల్' అని రాస్తే చాలు. '95 పర్సెంటైల్ మార్క్స్' అని మాత్రం వద్దు, అది మార్కుల లెక్కే కాదు.

సీజీపీఏ దగ్గర ఇంకో గొడవ. ఫారంలో పర్సెంటేజ్ అడగగానే మనవాళ్లు పదితో గుణించేస్తారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 రెగ్యులేషన్స్ ప్రకారం ముందు 0.5 తీసేసి తర్వాత పదితో గుణించాలి. అంటే 6.4 సీజీపీఏ 64 కాదు, 59. కంపెనీ కటాఫ్ 60 అయితే? సీబీఎస్ఈ పదో తరగతికి ఇచ్చిన లెక్క వేరు, 9.5తో గుణించడం. దాన్ని తెచ్చి బీటెక్‌కి వాడకూడదు. నేనైతే మెమోలో ఉన్నట్టే '6.4 అవుటాఫ్ 10' అని రాస్తాను. పర్సెంటేజ్ తప్పనిసరైతే మన యూనివర్సిటీ ఫార్ములానే వాడతాను.

ర్యాంకు సంగతి సరదాగా ఉంటుంది. 'ర్యాంకు ఎక్కువొచ్చిందిరా' అంటే మనకి ఏడుపు. ఇంగ్లీషులో 'హై ర్యాంక్' అంటే పైన ఉన్నట్టు, పార్టీ ఇవ్వాల్సిందే. కాబట్టి హై, లో అనకుండా నంబర్ చెప్పేయడం మేలు. గేట్ స్కోర్‌కార్డ్‌లో అయితే మార్కులు 100కి, స్కోరు 1000కి, మళ్లీ ర్యాంకు వేరే. అక్కడ 'స్కోర్' అనే మాట మార్కులకి వాడితే ఇంకో నంబర్ అయిపోతుంది.

పోయిన సెమ్‌లో 60 శాతం, ఈ సెమ్‌లో 66 అనుకోండి. పెరిగింది ఆరు 'పర్సెంటేజ్ పాయింట్స్'. 'సిక్స్ పర్సెంట్ ఇంక్రీజ్' అంటే తప్పు, ఎందుకంటే 60 మీద 6 అంటే పది శాతం. ముందు అంకె ఉంటే పర్సెంట్, అంకె లేకపోతే పర్సెంటేజ్. 'మై పర్సెంట్ ఈజ్ గుడ్' అనరు.

ఇంక పరీక్ష 'రాయడం'. మనం 'ఐ రోట్ ది ఎగ్జామ్' అంటాం, హిందీవాళ్లు 'గేవ్' అంటారు. ఎవరి భాష వాళ్ల ఇంగ్లీషులో దూరింది. మన దేశంలో రెండూ అర్థమవుతాయి, అమెరికా యూనివర్సిటీకి పంపే మెయిల్‌లో మాత్రం 'టుక్' అని రాయండి. అక్కడ ఎగ్జామ్ 'ఇచ్చేది' ప్రొఫెసర్.