బడి నుంచి కొలువు దాకా: దివ్యాంగుల హక్కుల చట్టం

రాష్ట్రపతి ఆమోదం 2016 డిసెంబరు 27. అమలు 2017 ఏప్రిల్ 19. పోటీ పరీక్షల్లో ఈ తేదీలు తారుమారు చేసి అడుగుతారు, జాగ్రత్త. 1995 నాటి చట్టం స్థానంలో వచ్చింది. వైకల్యాలు 7 నుంచి 21కి పెరిగాయి. 40 శాతం, ఆపైన ఉంటే బెంచ్‌మార్క్ వైకల్యం.

సెక్షన్ 31: బెంచ్‌మార్క్ వైకల్యమున్న 6–18 ఏళ్ల వారికి ఉచిత విద్య. 19: వృత్తి శిక్షణ, స్వయం ఉపాధి. బడి చదువును ఉపాధితో కలిపేది ఇదే. అభ్యర్థులు ఎక్కువగా వదిలేసేదీ ఇదే. 32: ఉన్నత విద్యలో కనీసం 5 శాతం సీట్లు, 5 ఏళ్ల వయో సడలింపు. 34: ప్రభుత్వ కొలువుల్లో కనీసం 4 శాతం. సీటుకు 5, కొలువుకు 4 అని గుర్తుంచుకోండి. అంధత్వం, వినికిడి లోపం, చలన వైకల్యం విభాగాలకు ఒక్కో శాతం. ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలకు కలిపి 1 శాతం.

సెక్షన్ 17లో పరీక్షలకు లేఖరి, అదనపు సమయం. 2018 కేంద్ర మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాలు. అంటే 3 గంటల పేపరుకు 4 గంటలు. చూపులేని విద్యార్థి జవాబు చెప్పాలి, లేఖరి రాయాలి, తిరిగి చదివి వినిపించాలి. ఆ గంట తప్పనిసరి.

దివ్యాంగుల హక్కులపై ఐరాస ఒడంబడిక ఆమోదం: 2006 డిసెంబరు 13. భారత్ ధ్రువీకరణ: 2007 అక్టోబరు 1. ఆర్టికల్ 24 విద్య, 27 ఉపాధి. జతపరచే ప్రశ్నకు అవకాశం ఎక్కువ.